పసిచేతికి అక్షరమందించిన తల్లి: మరియా మాంటిసోరి

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక మహనీయుల జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గము వారు నన్ను కోరిరి. ఏ కవిని గూర్చియో, ఏ దేశభక్తుని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళల భారత భాగవతములను నాకు నేనే కూడబలుకుకొని చదువుకొన్నవాడను. అట్టి నేను ఎక్కడనో ఇటలీ దేశమున పుట్టిన ఒక వైద్యురాలి చరిత్రమును ఎత్తుకొనుటకు కారణము గలదు. మన గ్రంథాలయపు చందాదారుల పట్టీలో పెద్దల పేర్లున్నవి, బడిపిల్లల పేర్లున్నవి. అయిదేండ్లలోపు పసివారి పేరు ఒక్కటియు లేదు. చదువురాని వారికి గ్రంథాలయముతో ఏమి పని యని మనమందరము అనుకొనుచుంటిమి. ఆ తలపు తప్పని తన జీవితమువలన చూపిన తల్లి మరియా మాంటిసోరి.

మొదట నా తప్పును చెప్పుకొందును. నా మనుమరాలికి మూడేండ్లు నిండీ నిండకమునుపే పలక చేతికిచ్చి, ప్రక్కన బెత్తము పెట్టుకొని, అక్షరములు దిద్దుమంటిని. ఆ బిడ్డ గోడమీది బల్లిని చూపి, అది ఏమి తినునని అడిగెను. నేను పలకవంక చూడుమంటిని. చూరున కట్టుకొన్న పిచ్చుకగూటిని గూర్చి అడిగెను. మరల పలకవంకనే చూడుమంటిని. నెల తిరుగకమునుపే ఆ పిల్ల పలకను చూచినంతనే తల్లికొంగు చాటున దాగుట నేర్చెను. అక్షరము నేర్పబోయి అక్షరభయమును నేర్పితిని. ఆ దినములలోనే మన గ్రంథాలయపు బీరువాలో ఈ తల్లిని గూర్చిన పుస్తకము నా చేత బడినది.

మరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, ఇటలీయందు అంకోనా నగరమునకు సమీపమున నున్న కియారవల్లె యను ఊరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్డె చదువన్న మిక్కిలి ప్రీతిగల యిల్లాలు. బిడ్డకు అయిదేండ్ల ప్రాయమున, 1875లో, ఆ కుటుంబము రోమునగరమునకు చేరెను. ఆ కాలమున అచ్చట చదువుకొన్న ఆడపిల్లకు తెరచియున్న ద్వారము ఒక్కటే, ఉపాధ్యాయిని యగుట. మరియా మాత్రము మరి యే పనికైనను ఒప్పుకొందును గాని, ఆ పనికి మాత్రము ఒప్పుకొననని పట్టుబట్టెనట. తుదకు ఎన్నో దేశముల ఉపాధ్యాయులకు ఆమెయే ఉపాధ్యాయిని యగుట విధివిలాసము.

ఆమె రోము విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రమునకు చేరెను. పురుషుల సరసన నిలిచి మృతశరీరమును పరిశీలించుట స్త్రీకి తగదని పెద్దలు నిషేధింపగా, అందరును వెడలిపోయిన పిమ్మట సాయంకాలములందు ఒంటరిగా ఆ గదిలో నిలిచి ఆ పాఠములను నేర్చుకొనెను. 1896లో పట్టము పుచ్చుకొని, ఇటలీలో వైద్యపట్టము పొందిన తొలి స్త్రీలలో ఒకతెగా నిలిచెను.

పిదప ఆమె విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాలలో పనిచేయుచు, నగరమందలి పిచ్చాసుపత్రులను చూడబోవుచుండెను. బుద్ధి యెదుగని పిల్లలను గూడ ఆ దినములలో అచ్చటనే బంధించెడివారు. ఒకచోట పిల్లలు భోజనమైన పిదప నేలపై బడిన రొట్టెతునకలకై ప్రాకులాడుచుండగా, అది వారి తిండియాశ యని కాపలామనిషి ఏవగించుకొనెనట. మరియా ఆ గదిని కలయజూచెను. నాలుగు గోడలే తప్ప, తాకుటకు గాని, త్రిప్పి చూచుటకు గాని అందు ఒక్క వస్తువైనను లేదు. ఆ బిడ్డల ఆకలి కడుపులది కాదనియు, వ్రేళ్ళదనియు ఆమెకు తోచెను. ఆమె సాధించినదంతయు ఈ ఒక్క చూపునుండి పుట్టినదే.

ఇట్టి పిల్లలకు పూర్వము విద్య గరపిన ఇతార్, సెగాన్ అను ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథములను ఆమె వెదకి సంపాదించెను. వానిని చదివి ఊరకుండక, మొదటినుండి తుదివరకు తన చేతితో ఇటాలియను భాషలోనికి వ్రాసికొనెను. చేతితో వ్రాసిననే గాని ప్రతి మాటయొక్క బరువు తెలియదని ఆమె నమ్మకము. తాటాకులపై గంటముతో కావ్యములకు నకళ్ళు వ్రాసిన మన పూర్వులకు ఈ మర్మము తెలిసినదే. 1900వ సంవత్సరమున ఇట్టి బిడ్డలకు బోధించు ఉపాధ్యాయుల శిక్షణకై ఏర్పడిన పాఠశాలకు ఆమె అధిపతులలో ఒకతె యయ్యెను. రెండేండ్లు పగలు బోధించుచు, రాత్రులు తాను చూచినది వ్రాసికొనుచు శ్రమించెను. ఆమె చేతిలోని బిడ్డలు కొందరు వ్రాతయందును, చదువునందును తక్కిన పిల్లలతోపాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. లోకము ఆశ్చర్యపడెను. ఆమె ఆశ్చర్యము మరియొక విధమైనది. లోపమున్న పిల్లలే ఇంత చేయగలిగినప్పుడు, ఏ లోపమును లేని పిల్లలను వారితో సమానముగా క్రిందనే అణచియుంచుచున్నది ఏమి యని ఆమె చింతించెను.

ఆమె జీవితమందలి ఒక గాయమును గూడ చెప్పవలెను. 1898లో తోటి వైద్యుని వలన ఆమెకు మారియో అను కుమారుడు కలిగెను. వివాహము జరుగలేదు. అవివాహితయైన తల్లికి ఆనాటి సంఘమున ఉద్యోగముగాని, గౌరవముగాని నిలుచుట కల్ల. బిడ్డను పల్లెటూరి కుటుంబమున పెంపకమునకు ఉంచి, అప్పుడప్పుడు పోయి చూచి వచ్చుచుండెను. ఎందరి బిడ్డలనో చేరదీసిన ఆమె తన బిడ్డకు తాను తల్లినని చెప్పుకొనలేక పోయెను. తన తల్లి రెనిల్డె 1912లో మరణించిన తరువాతనే, అప్పటికి బాల్యము దాటిన ఆ కుమారుని ఆమె తన యింటికి తెచ్చుకొనెను. ఆ పిమ్మట అతడు కడవరకు ఆమెకు కుడిభుజమై నిలిచెను.

1907వ సంవత్సరము జనవరి 6వ తేదీ ఆమె చరిత్రలో ముఖ్యమైన దినము. రోమునగరమున శాన్ లొరెంజో అను పేటలో కూలిజనులు నివసించెడివారు. ఒక గృహనిర్మాణ సంస్థవారు అచ్చటి పాత భవనములను బాగుచేసి అద్దెల కిచ్చిరి. తలిదండ్రులు పనులకు పోగా, బడియీడు రాని పిల్లలు గోడలను గీకి, మెట్లను పాడుచేయుచుండిరి. గోడలకు మాటిమాటికి సున్నము వేయుటకంటె పిల్లలను ఒక గదిలో చేర్చి చూచుట మేలని యజమానులు లెక్కవేసికొని, ఆ భారమును మరియాకు అప్పగించిరి. ఆ గదికి బాలల గృహమని పేరు వచ్చెను. మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల సుమారు 50 మంది పిల్లలు చేరిరి. పసివారు తామే ఎత్తి జరుపుకొనగల చిన్నచిన్న బల్లలను, కుర్చీలను ఆమె చేయించెను. వస్తువులను వారి చేతికందునంత యెత్తున అలమరలలో నుంచెను. దండనను తొలగించెను. ప్రతిఫలముగా ఇచ్చు బహుమతులను గూడ తొలగించెను.

అచ్చట ఆమె మొదట నేర్పినది అక్షరము కాదు, మాట. ఈ సంగతిని నేను పలుమారులు చదువుకొంటిని. రెండు పలకలు ముందుంచి, బిడ్డ వ్రేళ్ళను వానిపై నడిపించి, ఇది నున్నన, ఇది గరుకు అని మాత్రము చెప్పవలెను. ఆ పలుకునకు ముందు వెనుకల వ్యర్థమైన మాట యుండరాదు. ఇది మొదటి మెట్టు. నున్ననిది ఏది, గరుకుది ఏది యని అడిగి చూపించుకొనుట రెండవ మెట్టు. ఇది ఎట్లున్నదని అడిగి, మాటను బిడ్డ నోటనుండియే రాబట్టుట మూడవ మెట్టు. ఈ క్రమమును ఆమె సెగాన్ నుండి గ్రహించెను. బిడ్డ తప్పు చెప్పినచో దిద్దరాదు, గద్దింపరాదు, మరల మరల అడుగరాదు. చిరునవ్వుతో ఆ పాఠమును ఆపి, మరియొకనాడు తిరిగి మొదలుపెట్టవలెను. తప్పు బిడ్డది కాదు, మనము ఎన్నుకొన్న వేళది. రంగులు, ఆకారములు, పొడవు పొట్టి, బరువు తేలిక, అన్నియు ఇట్లే వస్తువుతో కూడ మాటగా బిడ్డ మనస్సున చేరెడివి. కాళిదాస మహాకవి రఘువంశారంభమున వాక్కును, అర్థమును విడదీయరాని జంటగా చెప్పి, పార్వతీ పరమేశ్వరులతో పోల్చినాడు. అర్థమెరుగని అక్షరమును బిడ్డచేత వల్లింపజేయుట ఆ జంటను విడదీయుటయే గదా!

ఆరేండ్లలోపు పిల్లలకు వ్రాతయు, చదువును నేర్పు తలంపు ఆమెకు మొదట లేదు. అడిగినవారు తల్లులు. వారిలో పెక్కుమంది తాము చదువెరుగని వారు. తమ బిడ్డలకైనను అక్షరములు చెప్పుమని బ్రతిమాలుకొనిరి. చెక్కతో అక్షరములు చేయించుట ఖర్చుతో కూడిన పని. అందువలన ఆమె, వడ్రంగులు చెక్కను నునుపుచేయు గరుకు కాగితమును అక్షరాకృతులుగా కత్తిరించి నున్నని అట్టలపై అంటించెను. బిడ్డ తన వ్రేలిని ఆ గరుకు బాటపై, వ్రాయు దిశలోనే నడుపవలెను. వ్రేలు ప్రక్కకు జారినచో నున్నదనము తగిలి, గురువు చెప్పకయే తప్పు తెలియును. వ్రేలు నడచుచుండగా ఆ అక్షరపు ధ్వనిని పలుకవలెను. కన్ను, చెవి, చేయి మూడును ఒక్కమారుగా అక్షరమును పట్టుకొనును. ఇంకొక పెట్టెలో విడివిడిగా కత్తిరించిన అక్షరములుండును. కలము పట్టలేని బిడ్డయు మాటను విని, దాని ధ్వనులను విడదీసికొని, తగిన అక్షరములను చాపపై పేర్చి మాట కట్టును. మరియొక ప్రక్క, లోహపు ఆకారముల చుట్టును గీతగీసి, ఆ నడిమి భాగమును రంగు పెన్సిలుతో నింపుటవలన వ్రేళ్ళకు పట్టు కుదురును.

ఇది చదువునప్పుడు నాకు మన వీధిబడులు జ్ఞప్తికి వచ్చినవి. ఇసుక పరచి, దానిపై వ్రేలితో దిద్దుచు, పైకి పలుకుచు ఓనమాలు నేర్చుట మన తాతల నాటి పద్ధతి. అక్షరాభ్యాసమునాడు పళ్ళెములోని బియ్యముపై బిడ్డవ్రేలు పట్టి నేటికిని వ్రాయించుచున్నాము. 1790 ప్రాంతమున మద్రాసులో అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు, ఇచ్చటి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన దేశమునకు తీసికొనిపోయెను. వ్రేలితో మొదలగు చదువు మనకు క్రొత్త గాదు. అయితే ఆ ఇసుక ప్రక్కన బెత్తమును గూడ మనమే పెట్టుకొంటిమి. మాంటిసోరి ఆ బెత్తమును తీసివైచెను.

ఆ డిసెంబరు మాసమున ఒకనాడు ఎండ హాయిగా కాయుచుండగా, ఆమె పిల్లలతో భవనపు మిద్దెమీదికి ఎక్కెను. అయిదేండ్ల బాలునికి సుద్దముక్క నిచ్చి, ఎదుటనున్న పొగగొట్టమును గీయుమనెను. వాడు నేలపై గీసెను. ఆమె మెచ్చుకొనెను. వాడు ఆమెవంక చూచి, క్షణకాలము ఆగి, తనకు వ్రాయ వచ్చునని ఒక్కమారుగా కేక పెట్టి, మోకరించి చేయి అను మాటను వ్రాసెను. పిదప పొగగొట్టమని వ్రాసెను. ఆవల ఇంటికప్పు అని వ్రాసెను. వానికి అంతవరకు వ్రాయుమని చెప్పినవారు లేరు. చేతి పట్టు, ధ్వని జ్ఞానము, అక్షరపు రూపు, వేర్వేరుగా ప్రవహించిన ఆ మూడును ఆనాడు త్రివేణి వలె కలిసినవి. కేకవిని తక్కిన పిల్లలు మూగిరి. వారిలోను కొందరు సుద్దముక్కలు పుచ్చుకొని వ్రాయసాగిరి. కొలదిదినములలో నేలయు, తలుపులును నిండినవి. ఇండ్లలో రొట్టెల పైపెచ్చులమీద గూడ వ్రాతలు కనబడగా, తల్లులు కాగితములను, పెన్సిళ్ళను కొనియిచ్చిరి. ఆ బాలుడు మొట్టమొదట వ్రాసిన మాట చేయి యగుట చూడగా, చేతి ఋణమును చేతితోనే తీర్చుకొన్నట్లున్నది.

వ్రాత వచ్చినను చదువు వెంటనే రాలేదు. తన మనస్సులోని మాటను వ్రాయుట ఒకటి, పరుల మాటను కాగితమునుండి గ్రహించుట మరొకటి. ధ్వనులను కూడబలుకుట చదువు కాదు, భావము తెలిసినప్పుడే చదువగునని ఆమె సిద్ధాంతము. ఆటబొమ్మల పేర్లను చీటీలపై వ్రాసి, చీటీని చదివినవారికి ఆ బొమ్మను ఆడుకొన నిత్తుననెను. పిల్లలు చీటీలు చదివిరి. బొమ్మలను మాత్రము ముట్టలేదు. ఇంకొక చీటీ, ఇంకొక చీటీ యని అడుగుచు పెట్టె ఖాళీచేసిరి. పసివారికి బొమ్మకంటె మాట తీపియైనదని ఆనాడు ఆమె గ్రహించెను.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. అది పెక్కు భాషలలోనికి అనువదింపబడెను. ఐరోపాయందును, అమెరికాయందును బాలల గృహములు వెలసినవి. ఆమె పనిలో వంక లేదనరాదు. పరికరములకు విలువ హెచ్చు. తన పద్ధతిలో పరులు మార్పు చేయుటను ఆమె సహించెడిది కాదు. ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వము తన పాఠశాలలకు ఇచ్చిన ఆశ్రయమును కొన్నియేండ్లు అంగీకరించెను. తుదకు పసిపిల్లలను సైనికులుగా తీర్చు ఆ మార్గముతో పొసగక, 1934లో ఆ ప్రభుత్వముతో తెగతెంపులు చేసికొనెను. ఇటలీలోను, జర్మనీలోను ఆమె పాఠశాలలు మూతబడినవి. తాను నివసించుచుండిన స్పెయిను దేశమున 1936లో అంతర్యుద్ధము రాగా హాలెండు చేరెను.

1939లో, అరువదితొమ్మిదేండ్ల వయసున, దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై ఆమె కుమారునితో కూడ మద్రాసు వచ్చెను. అప్పుడు ఆ నగరము తెలుగువారికిని రాజధానియే. అడయారున సుమారు 300 మంది ఉపాధ్యాయులు ఆమెయొద్ద శిక్షణ పొందిరి. ఆమె ఇటాలియను భాషలో ప్రసంగింపగా మారియో ఇంగ్లీషులో చెప్పెడివాడు. 1940 జూనులో ఇటలీ యుద్ధమున ప్రవేశించుటతో, ఆంగ్లేయ ప్రభుత్వము వారిరువురిని శత్రుదేశస్థులుగా నెంచి, మారియోను అహ్మదునగరు శిబిరమున నిర్బంధించి, ఆమెను అడయారు ఆవరణము దాటరాదని కట్టడిచేసెను. ఆ ఆగస్టు 31వ తేదీ ఆమె డెబ్బదవ జన్మదినము. ఆనాటికి వైస్రాయి కానుకగా కుమారుని విడుదల చేసెను. ఆ ఉత్తర్వు అతనిని ఆమె కుమారుడని బాహాటముగా పేర్కొనినది. ఇన్నియేండ్లు లోకమునకు వెరచి దాచిన మాటను ఒక ప్రభుత్వపు కాగితము బయటపెట్టినది. ఆ తల్లి ఆ మాటను చదువుకొన్నప్పుడు ఏమి అనుభవించెనో తల్లులే ఊహింపగలరు.

తరువాత కొడైకనాలులోను, అహమ్మదాబాదు మొదలగు నగరములలోను బోధించి, 1946లో ఐరోపాకు వెడలెను. మరల వచ్చి 1949 వరకు ఈ ఖండమున పనిచేసెను. 1952వ సంవత్సరము మే 6వ తేదీన హాలెండులో కన్నుమూసెను. 1990లో ఇటలీ తన వెయ్యి లీరాల నోటుపై ఆమె ముఖమును ముద్రించెను. 2002లో యూరో నాణెము వచ్చువరకు ఆమె పేదవాని జేబులోను మెలగెను.

ఆమె మన దేశమున బోధించిన ముఖ్యాంశము ఒకటి కలదు. పుట్టినది మొదలు బిడ్డ తన చుట్టునున్న భాషను, ఎండినభూమి వాన నీటిని పీల్చినట్లు, ఎవరును నేర్పకయే లోనికి పీల్చుకొనును. భాగవతమును చదివిన మనకు ఇది వింతగా తోపరాదు. ప్రహ్లాదుడు తల్లిగర్భమున నుండియే నారదుని మాటలు విని ధరించెను. పిదప చండామార్కులు బడిలో ఎంత వల్లెవేయించినను, ముందు విన్న మాటయే నిలిచినది. బడికి పంపు నాటికే బిడ్డ చెవిని మనము ఏ మాటలతో నింపితిమో అదియే వాని మూలధనము. లెక్కలు వ్రాయువాడను గనుక అందును: ప్రారంభపు నిలువ సున్నయైనచో, అక్షరములు ఎన్ని జమకట్టినను ఖాతా పెరుగదు.

ఆ మూలధనము కొనవలసినది కాదు. వంటింటిలో ఆవాలు, మెంతులు, జీలకర్ర వేర్వేరుగా చూపి పేర్లు చెప్పుట, పొలముగట్టున చెట్టుచేమల పేర్లు చెప్పుట, రాత్రి కథ చెప్పుచు నడుమనడుమ బిడ్డచేత చెప్పించుట, పొడుపుకథలు విప్పించుట, ఇవియే చాలును. మన తెలుగు అక్షరమునకు పేరును, ధ్వనియు ఒక్కటే. గుణింతములు, వత్తులు లేని తల, వల, గడప, పలక వంటి మాటలను ముందుగా చెవితో విడదీయించి, అట్టముక్కలతో పేర్పించినచో, యాబదియారు అక్షరములు ముగియువరకు ఎదురుచూడకయే బిడ్డకు చదువు రుచి తెలియును.

నేను బెత్తమును విరిచి పొయ్యిలో పెట్టితిని. పలకను దాచివైచితిని. ఆరుమాసములు మనుమరాలి ప్రశ్నలకు జవాబులు చెప్పుటయే నా పని. బల్లి తిండిని గూర్చి నాకు తెలిసినదంతయు చెప్పితిని. పిదప గరుకు అక్షరములు కొన్ని చేసియిచ్చితిని. మొన్న ఒక సాయంకాలము ఆ బిడ్డ సుద్దముక్కతో గడపప్రక్కన తల అని వ్రాసి, వచ్చి నా తలను తట్టినది.

చందాదారులకు నాదొక విన్నపము. ఈ రజతోత్సవపు గుర్తుగా మన గ్రంథాలయమున ఒక మూల చాప పరచి, పసివారి చేతికందు యెత్తున ఒక అలమర నిలిపి, బొమ్మల పుస్తకములను ఉంచుదము. వారమున కొకనాడు ఊరి అవ్వలు వచ్చి కథలు చెప్పుదురు గాక. చదువు వచ్చిన తరువాత గ్రంథాలయమునకు వచ్చుట కాదు, గ్రంథాలయమునకు వచ్చి చదువును కోరుకొనుట నేర్పుదము. స్వర్ణోత్సవము నాటికి ఈ సంచికను చదువవలసినవారు ఆ చాపమీది పిల్లలే.